బండకు అంటుకున్న ఆకలి



పల్నాడు వాడు సముద్రం గురించి చెబుతానంటే మీకు వింతగా ఉండొచ్చు. మాచర్ల నుంచి చూసినా గురజాల నుంచి చూసినా సముద్రం ఎక్కడో ఉంది. మనకి దగ్గరి ఒడ్డంటే బాపట్ల పక్కన సూర్యలంక. కార్తీక మాసంలో సముద్ర స్నానానికి పోతాం, నాలుగు మునకలు వేస్తాం, ఇసక దులుపుకుని పొద్దుగూకే వేళకి ఇల్లు చేరతాం. సముద్రంతో మన చుట్టరికం అంతవరకే అనుకుంటాం.

కానీ మీ కాళ్ళ కిందకి ఒకసారి చూడండి. వసారాలో పరిచిన నాపరాయి, పిడుగురాళ్ళ బట్టీల్లో కాలే సున్నపురాయి, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకి పోయే రాయి, ఇవన్నీ ఒకప్పుడు లోతు లేని సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపు బురదే. భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్ళు దీన్ని నర్జి సున్నపురాయి అంటారు. దాని వయసు 50 కోట్ల ఏళ్ళకు పైమాటే. ఆ రాయిని ఎంత పగలగొట్టి చూసినా ఒక్క గవ్వ కనబడదు, ఒక్క చేప ముల్లు కనబడదు. అది పేరుకునేనాటికి గవ్వలూ చేపలూ ఇంకా పుట్టలేదు. మనది గవ్వల కంటే ముందటి సముద్రం. ఆ నాపరాళ్ళ మీద పాకి, నడక నేర్చిన నేను, బండకు అతుక్కుని బతికే ఒక సముద్రజీవి గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

దాన్ని మన పుస్తకాల్లో సీ అనిమోన్ అని రాస్తారు, సముద్రపుష్పం అనీ అంటారు. చూపుకి పువ్వే. కాడలాంటి ఒళ్ళు, పైన రేకుల్లాంటివి గుండ్రంగా విచ్చుకుని ఉంటాయి. కానీ అది మొక్క కాదు, మాంసం తినే జంతువు. ఆ రేకులు రేకులు కావు, వేటాడే చేతులు.

నేను నరసరావుపేటలో చాలా ఏళ్ళు జంతుశాస్త్రం పాఠం చెప్పాను. మా ల్యాబులో ఒక గాజు సీసా ఉండేది. అందులో ఫార్మలిన్, ఆ ఫార్మలిన్‌లో ఒక ముడుచుకుపోయిన గోధుమరంగు ముద్ద. పాతబడ్డ చింతపండు పిడచలా ఉండేది. సీసా మీద మెట్రిడియం అని చీటీ. ఆ ముద్దని చూపించి, బల్ల మీద పెట్టి, నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మ గీసి, ఇవి స్పర్శకాలు, ఇది నోరు, లోపలిది జఠర ప్రసరణ కుహరం అని చెప్పేవాణ్ణి. పిల్లలు రాసుకునేవాళ్ళు, పరీక్షలో మార్కులూ తెచ్చుకునేవాళ్ళు. అయితే ఆ జంతువు బతికుండగా ఎలా ఉంటుందో వాళ్ళకి తెలీదు. నాకూ తెలీదు.

తెలిసింది విశాఖపట్నంలో. ఒక ఏడాది పిల్లల్ని తీసుకుని టూరుకి వెళ్ళాం. అమావాస్య వెళ్ళిన మర్నాడు జోడుగుళ్ళపాలెం దగ్గర ఒడ్డుకి దిగాం. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎంత పైకొస్తుందో పాటు కూడా అంత వెనక్కి తీస్తుంది. మామూలుగా నీళ్ళ కింద ఉండే రాళ్ళన్నీ అప్పుడు బయటపడతాయి. సూర్యలంకలా అక్కడ అంతా ఇసకే కాదు, కొండరాళ్ళు సముద్రంలోకి దిగి ఉంటాయి. రాళ్ళ సందుల్లో, గుంటల్లో నీళ్ళు మిగిలిపోతాయి. ఒక్కో గుంట తొట్టెడంత. ఆ తొట్టిలోకి వంగి చూస్తే, నేను ఇన్నేళ్ళూ చింతపండు పిడచగా చూపించిన జంతువు లాంటిదే అక్కడ విచ్చుకుని ఉంది.

లేత ఆకుపచ్చ మీద ఊదా ఛాయ. అరచేతిలో సగం ఉంటుందేమో. చుట్టూ వరసలు వరసలుగా సన్నటి స్పర్శకాలు, నీళ్ళు కాస్త కదిలితే అవీ కదులుతున్నాయి. మధ్యలో సన్నటి గీతలాగా మూసుకున్న నోరు. ఆ పక్కనే, నీళ్ళు లేని బండ మీద, అదే జాతివి ఇంకో నాలుగు. అవి మాత్రం పూర్తిగా ముడుచుకుని, తడి తడిగా, ఒంటినిండా గవ్వ ముక్కలూ ఇసక రేణువులూ అతికించుకుని ఉన్నాయి. తెలీనివాళ్ళు వాటి మీద కాలు వేసి నడిచిపోతారు. పాటు తీసినప్పుడు అవి స్పర్శకాలు లోపలికి లాక్కుని, కడుపులో నీళ్ళు బిగబట్టుకుని, మళ్ళీ పోటు వచ్చేదాకా ఎండలో అలాగే కూర్చుంటాయి. ఒంటికి అంటుకున్న గవ్వ ముక్కలు వాటికి గొడుగు.

దగ్గర్లో వల బాగుచేసుకుంటున్న జాలరి పెద్దాయన మమ్మల్ని చూసి, "ఉత్త చేత్తో ముట్టుకోకండి బాబూ, దురదెడతాది" అన్నాడు. ఆయన మాట విన్నాక కూడా నేను చూపుడు వేలితో ఒక్క స్పర్శకాన్ని తాకాను. బంక తగిలినట్టు వేలికి అతుక్కుంది. నొప్పి లేదు. మీరు గానీ ఎప్పుడైనా విశాఖ వెళితే అలా చేయకండి. చర్మం అందరికీ ఒకేలా ఉండదు, జాతులన్నీ ఒకేలా ఉండవు. అసలు ఆ జంతువుని కదిలించకపోవడమే మర్యాద. నేను ఎందుకు చెప్పానంటే, ఆ బంక బంక కాదు. నా వేలి చర్మంలోకి కొన్ని వందల సూదులు దిగిన గుర్తు. వేలి మీద చర్మం మందం కాబట్టి నాకు తెలీలేదు.

దాని ఆయుధం ఇదీ. స్పర్శకాల నిండా దంశకణాలు ఉంటాయి. ఒక్కో కణంలో కంటికి కనబడనంత చిన్న తిత్తి, ఆ తిత్తిలో చుట్టలు చుట్టుకున్న బోలు దారం. చాలా వాటిలో ఆ దారానికి ముళ్ళు, లోపల విషం. తిత్తి లోపలి ఒత్తిడి 150 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుందని లెక్కగట్టారు. మన సున్నం బట్టీల దగ్గర ఆగే లారీలు చూస్తారుగా, ఆ లారీ టైరులో గాలి ఒత్తిడికి ఇది దాదాపు 20 రెట్లు. పొట్టుగింజంత కూడా లేని తిత్తిలో! పట్టు వదిలిందంటే దారం తిరగబడుతూ బయటికి దూసుకొస్తుంది. దీని చుట్టమే అయిన హైడ్రా అనే మంచినీటి జీవిలో ఈ వేగాన్ని 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు అతివేగపు కెమెరాతో కొలిచారు. సెకనులో పది లక్షలో వంతు కూడా పట్టలేదు. ఆ సూదికి అందిన త్వరణం భూమి ఆకర్షణకి 50 లక్షల రెట్లకు మించింది. జంతులోకంలో ఇంతకంటే వేగమైన కదలికలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదీ ఎవరిలో? రోజంతా బండ మీంచి కదలకుండా కూర్చునే జీవిలో.

ఆ దంశకణం ఒక్కసారే పనికొస్తుంది. పేలిన తిత్తి మళ్ళీ నిండదు, దాని చోట కొత్త కణం పుట్టాలి. అందుకే అడ్డమైన దాని మీదా పేల్చి పారేసుకోదు. తగిలింది రాయా ఆహారమా అని రుచి చూస్తుంది. తగలడమూ ఉండాలి, తగిలినదాని ఒంటి వాసన లాంటి రసాయనమూ ఉండాలి. ఈదే రొయ్య పుట్టించే సన్నటి అదురు కూడా కొన్ని జాతులు పసిగడతాయి. మా పిల్లల్లో ఒకమ్మాయి సన్నటి గులకరాయిని నెమ్మదిగా స్పర్శకాల మీద వదిలింది. కొద్దిసేపు పట్టుకున్నట్టే పట్టుకుని, అది దాన్ని జార్చేసింది. తరవాత చిన్న రొయ్య ముక్క వేశాం.

ఈసారి వదల్లేదు. ముందు రెండు స్పర్శకాలు అంటుకున్నాయి. వాటి పక్కవి వంగాయి. ఆ పక్కవీ వంగాయి. ఎవరూ పిలవలేదు, దానికి మెదడు లేదు, ఒళ్ళంతా పరుచుకున్న నరాల వల మాత్రం ఉంది. ఆ కబురు అలా పాకిపోయింది. నడుమ గీతలా ఉన్న నోరు మెల్లగా తెరుచుకుంది, పెదవులు పైకి ఉబ్బాయి. రొయ్య ముక్క లోపలికి జారడానికి పావుగంట పట్టింది. పదిహేను మంది పిల్లలు ఆ పావుగంట నోరెత్తకుండా చూశారు. క్లాసులో నేను అంతసేపు వాళ్ళని నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోబెట్టలేకపోయాను.

దాని కడుపుకి ఒకటే దారి. తినేదీ ఆ నోటితోనే, అరగనిది బయటికి నెట్టేదీ ఆ నోటితోనే. చిన్న చేప, రొయ్య, పీతపిల్ల, నీళ్ళలో కొట్టుకొచ్చే కంటికానని ప్రాణులు, ఏది తగిలితే అది తింటుంది. దేన్నీ వెంటాడదు. ఎముక లేదు, గుండె లేదు, రక్తం లేదు. కడుపులో నింపుకున్న నీళ్ళే దానికి ఎముకలు, ఆ నీళ్ళని పట్టి నిలబడుతుంది, వదిలితే చతికిలబడుతుంది. మన ఎద్దుకీ మనకీ ఉన్న సరంజామా ఏదీ లేకుండానే కోట్ల ఏళ్ళుగా బతుకుతోంది. వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. గోరంత వాటి నుంచి మీటరు వెడల్పు దాకా, ఒడ్డున రాళ్ళ నుంచి వెలుగు చేరని లోతుల దాకా.

కదలదు అన్నాను గానీ, పూర్తిగా నిజం కాదు. అడుగున పళ్ళెంలా ఉండే పాదంతో గంటకి కొద్ది అంగుళాలు జరుగుతుంది. కొన్ని మాత్రం తామే నడవకుండా ఇంకొకరి భుజమెక్కుతాయి. విశాఖ చేపల రేవులో మరబోట్ల వలలో పడ్డ చెత్త చేపల కుప్పలుంటాయి కదా, అమ్ముడుపోనివి. వాటిలో శంఖంలో దూరి బతికే సన్యాసి పీతలు కనబడతాయి. శంఖం మీద ఒకటో రెండో అనిమోన్లు. పీత పెరిగి పెద్ద శంఖంలోకి మారేటప్పుడు పాత శంఖం మీది అనిమోన్‌ని కాళ్ళతో, డెక్కలతో తట్టి తట్టి ఊడదీసి, కొత్త ఇంటి మీదికి ఎక్కించుకుంటుంది. వేరేవాళ్ళు లాగితే చిరిగిపోయేదాకా పట్టు వదలని జంతువు, ఆ పీత తడితే వదులుతుంది. ఆక్టోపస్ వస్తే అనిమోన్ కాటు పీతకి కాపలా. పీత తిండిలో రాలిన తునకలు అనిమోన్‌కి కూలి. కాషాయం మీద తెల్లచారల చేపని మన పిల్లలు నీమో సినిమాలో చూసే ఉంటారు. అదీ ఇలాంటి పొత్తే. మన దేశంలో ఆ చేపలు అండమాన్, లక్షద్వీప్, మన్నారు సింధుశాఖ పగడపు దిబ్బల్లో ఉంటాయి.

పగడం అన్నాను కాబట్టి ఒక మాట. పగడాన్ని కట్టేది అనిమోన్‌కి దగ్గరి చుట్టం. దిబ్బలో వేలకొద్దీ చిన్న చిన్న జీవులు ఒకే పలచటి మాంసపు పొరతో కలిసి ఉంటాయి. ఒకటి తిన్నదాంట్లో పక్కదానికీ భాగం వెళుతుంది. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కులాలన్నీ ఒకే పంక్తిలో కలిసి తిన్న మన బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తొస్తుంది.

పల్నాటి కథలో రెండో సగం, అంటే యుద్ధం కూడా ఈ జీవుల్లో ఉంది. అది నేను అమెరికాలో చూశాను. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మాస్ బీచ్ అనే చోటికి తీసుకెళ్ళింది. అక్కడి పసిఫిక్ ఒడ్డు రాళ్ళ మీద ఒక రకం అనిమోన్ జంపఖానా పరిచినట్టు పెరుగుతుంది. శాస్త్రనామం ఆంథోప్ల్యూరా ఎలిగాంటిసిమా. ఒక్క జీవి నిలువునా రెండుగా చీలుతుంది, అవి నాలుగవుతాయి, అలా వందలు. అన్నీ ఒకే ప్రాణికి నకళ్ళు. ఒక గుంపు పెరుగుతూ పోయి, ఇంకో వంశపు గుంపుకి ఎదురుపడిందనుకోండి, మధ్యలో అరచేతి వెడల్పున ఖాళీ బండ మిగులుతుంది. నాచు ఉంటుంది గానీ అనిమోన్ ఉండదు. దూరం నుంచి చూస్తే చేల మధ్య గట్టు.

ఆ గట్టు యుద్ధభూమి. 1973లో లిస్బెత్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకురాలు దీన్ని వివరంగా రాశారు. తన నకలు తగిలితే స్పర్శకం ఊరుకుంటుంది. పరాయిది తగిలిందో, స్పర్శకాల కింద ముడుచుకుని ఉన్న తెల్లటి బుడిపెలు ఉబ్బుతాయి. జంతువు ఒళ్ళు సాచి, ఎదుటిదాని మీదికి వంగి, ఆ బుడిపెలతో కొడుతుంది. కొట్టిన చోట తన చర్మమే ఊడి, దంశకణాలతో సహా శత్రువు ఒంటికి అంటుకుంటుంది. అక్కడ మాంసం చస్తుంది. దెబ్బ తిన్నది ముడుచుకుని వెనక్కి జరుగుతుంది. సరిహద్దులో ఉన్న వాటికి ఈ బుడిపెలు ఎక్కువ, గుంపు నడుమ ఉన్న వాటికి సంతానపు గ్రంథులు ఎక్కువ. ఒకే వంశంలో కొందరు పోరుకి, కొందరు వంశం నిలపడానికి. ఆ గట్టు పక్కన వంగి కూర్చుని నేను చాలాసేపు పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడిని తలుచుకున్నాను. 12వ శతాబ్దంలో నాగులేరు ఒడ్డున కొట్టుకున్నది పరాయివాళ్ళు కాదు, ఒకే తండ్రి బిడ్డలు. ఈ జీవులు తమ నకలు మీదికి మాత్రం బుడిపె ఎత్తవు.

వయసు సంగతి చెప్పాలి. 1828లో స్కాట్లాండ్‌లో జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఒడ్డున ఒక అనిమోన్‌ని ఏరి తెచ్చుకుని గాజు పాత్రలో పెంచాడు. సముద్రపు నీళ్ళు మార్చేవాడు, ఆల్చిప్ప మాంసం వేసేవాడు. ఆయన 1851లో చనిపోయాడు. అనిమోన్ చావలేదు. చేతులు మారింది. ఎడిన్‌బరోలో జనం దాన్ని అవ్వ అని పిలిచేవాళ్ళు, చూడటానికి వచ్చి పుస్తకంలో సంతకాలు చేసి వెళ్ళేవాళ్ళు. వందల పిల్లల్ని కంది. 1887లో పోయింది. మనుషుల చేతుల్లోనే 59 ఏళ్ళు.

ఇక, మీలో ఎవరైనా ఇంజక్షన్ వేయించుకోబోతే డాక్టరు గారు ముందు మోచేతి దగ్గర చర్మంలో చిన్న టెస్ట్ డోస్ వేసి కాసేపు చూస్తారు, గుర్తుందా? ఆ జాగ్రత్త వెనకా ఈ జీవి ఉంది. 1902లో పారిస్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు అనిమోన్ స్పర్శకాల విషాన్ని కుక్కలకి ఎక్కించి చూశారు. టీకా వేసినట్టు కొంచెం కొంచెం ఇస్తే తట్టుకునే శక్తి వస్తుందని వాళ్ళ ఆశ. మొదటిసారి ఏమీ కాని ఒక కుక్కకి మూడు వారాల తరవాత రెండోసారి ఇచ్చారు. అరగంట లోపే ఊపిరాడక పడిపోయి చచ్చిపోయింది. మొదటి మోతాదు కాపాడలేదు సరికదా, ఒంటిని రెండోదానికి వెర్రిగా తిరగబడేలా చేసింది. దానికి వాళ్ళు పెట్టిన పేరే అనాఫిలాక్సిస్. రిషేకి 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. తేనెటీగ కుట్టి, పెన్సిలిన్ పడక, వేరుశనగ పడక ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టర్లు రాసే మాట అదే.

ఇదంతా విని, విశాఖ దాకా ఎవరు పోతారండీ అంటారేమో. పోనక్కర్లేదు. మన పల్నాడులోనే దీని చుట్టం ఉంది. ఇందాక చెప్పిన హైడ్రా. మంచినీటిలో బతుకుతుంది, అర అంగుళం ఉంటే పెద్దదే. అదే కాడ, అదే నోరు, అవే స్పర్శకాలు, అవే దంశకణాలు. 1740లలో అబ్రహం ట్రెంబ్లే అనే ఆయన హాలండ్‌లో పిల్లలకి చదువు చెప్పుకుంటూ, కుంట నీళ్ళలో దొరికిన దీన్ని ముక్కలు కోసి చూశాడు. ప్రతి ముక్కా మళ్ళీ పూర్తి జీవి అయింది. అది చూసి అప్పటి ఐరోపా అంతా ఆశ్చర్యపోయింది.

మీ ఊరి చెరువులో గానీ, సాగర్ కుడికాలువ పక్కన నీళ్ళు నిలిచిన మడుగులో గానీ, నాచు, తామర కాడలు, అంతరతామర వేళ్ళు కాసిని తీసి గాజు సీసాలో ఆ నీళ్ళతోనే పెట్టండి. పంపు నీళ్ళు పోయొద్దు, క్లోరిన్‌కి చస్తుంది. కిటికీలో వెలుగు పడే వైపు పెట్టి కదపకుండా వదిలేయండి. గంటో, రెండు గంటలో. వెలుగు వైపు గాజుకి అతుక్కుని దారం పోగులాంటివి సాగుతూ కనబడితే అవే. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మిరపకీ పత్తికీ మందు కొట్టిన చేల నీళ్ళు దిగే కుంటల్లో నాకు ఇవి ఎప్పుడూ దొరకలేదు. విషానికి ఇది ఎంత సుకుమారమంటే, నీళ్ళలో మందు అవశేషాలు పరీక్షించడానికి ప్రయోగశాలల్లో దీన్ని కూడా వాడతారు. మా చిన్నప్పుడు చేపిల్లలు పట్టిన కుంటల్లో ఇప్పుడు ఇది లేదంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు మా కిటికీలో ఒక సీసా ఉంది. కారెంపూడి వైపు ఒక చెరువు నుంచి తెచ్చిన నీళ్ళు. నిన్న పొద్దున కాఫీ తాగుతూ చూస్తుంటే, ఆవగింజలో సగం లేని డాఫ్నియా అనే నీటి పురుగు ఎగురుకుంటూ వచ్చి హైడ్రా చెయ్యికి తగిలింది. అక్కడికక్కడే ఆగిపోయింది. ఒక చెయ్యి ముడుచుకుంది, రెండోది వచ్చి కలిసింది, నోరు తెరుచుకుంది. కాసేపటికి ఆ పోగులాంటి ఒంటి మధ్యలో ఒక గుండ్రటి ఉబ్బు, దానిలోంచి పురుగు కన్ను నల్లచుక్కలాగా కనబడుతూ ఉంది. సాయంత్రం బడి నుంచి వచ్చిన మా మనవడు భూతద్దం పట్టుకుని చూసేసరికి ఉబ్బు తగ్గిపోయింది, అదే నోట్లోంచి ఖాళీ పెంకు మెల్లగా బయటికి వస్తోంది.